మబ్బు చూసి కోత ఆపాలా, సూచన చూసి ఆపాలా?

ముమ్మిడివరం_రైతు
సార్వా (ఖరీఫ్) వరి చేను కోతకొచ్చి నిలబడి ఉంది. కోత మిషన్ అతను ఎల్లుండి పొద్దున్న వస్తానంటున్నాడు. వద్దంటే మళ్లీ ఎప్పుడు దొరుకుతాడో తెలీదు. పోయిన వారం "కోనసీమలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షం" అన్నారు, ఫోన్ యాప్‌లో 80 శాతం అని చూపించింది. అప్పటికే కోసిన ధాన్యం కూలీలను పెట్టి రాశి చేయించి బరకాలు కప్పించాను. మా ఊళ్లో చుక్క పడలేదు, పక్క మండలంలో మాత్రం కళ్లాల్లో నీళ్లు నిలిచాయట. ఇప్పుడు మళ్లీ బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు. పైన చూస్తే పల్చని తెల్ల మబ్బు తప్ప ఏమీ లేదు. ఏ మబ్బు వాన ఇస్తుంది, ఏది ఇవ్వదు? ఈ సూచనలను ఎంతవరకు నమ్మాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, నిజంగా టెన్షన్‌గా ఉంది.

పాలకొల్లోడు
యాప్‌ని నమ్మితే అంతే. నా ఫోన్‌లోంచి ఎప్పుడో తీసేశా. మా నాన్నగారు తూర్పు దిక్కు చూసి చెప్పేస్తారు.

గౌతమి_గట్టు
మా ఇంట్లోనూ అలాంటి పెద్దాయన ఉన్నారండి. ఆయన చెప్పేది ఆ సాయంత్రం వరకు బాగానే ఉంటుంది. మిషన్ బుక్ చేసుకోవడానికి రెండు మూడు రోజుల ముందు మాట కావాలి కదా, అది చెప్పమంటే ఆయనా చెప్పలేరు.

ఫిజిక్స్_మేష్టారు
ముమ్మిడివరం రైతు గారూ, మీకొచ్చిన ఆ సూచన తప్పలేదు. మీ పక్క మండలంలో పడిందని మీరే రాశారు. వాతావరణ శాఖ ప్రకటనలో రెండు విడి విషయాలుంటాయి: ఎన్ని చోట్ల పడుతుంది, పడితే ఎంత పడుతుంది. మనం "భారీ" అన్న మాట దగ్గరే ఆగిపోతాం. దాని ముందున్న మాట అంతకంటే ముఖ్యం.

"ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు లోపు. "కొన్ని చోట్ల" అంటే నాలుగో వంతు నుంచి సగం. "చాలా చోట్ల" అంటే సగం నుంచి ముప్పావు వంతు. అది కూడా దాటితే "దాదాపు అన్ని చోట్లా". ఇక పరిమాణం చూస్తే, 24 గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్లు పడితే మోస్తరు, 64.5 నుంచి 115.5 భారీ, 204.4 వరకు అతి భారీ, ఆపైన అత్యంత భారీ.

కళ్లంలో ధాన్యం ఉన్నవాళ్లకు "చాలా చోట్ల మోస్తరు వర్షం" అన్న సూచన, "ఒకటి రెండు చోట్ల భారీ వర్షం" కంటే ప్రమాదం. ఇరవై మిల్లీమీటర్లు పడినా కోసి పరిచిన పనలు తడిసిపోతాయి. టీవీలో మాత్రం రెండోదానికే ఎర్ర అక్షరాలు వేస్తారు.

పాలకొల్లోడు
మేష్టారూ, నాలుగో వంతు అని చెప్పి తప్పించుకోవడం కాదా ఇది? పడితే మేం చెప్పాం అంటారు, పడకపోతే మీ ఊరు ఆ నాలుగో వంతులో లేదంటారు.

ఫిజిక్స్_మేష్టారు
కాదండి. ఉరుముల మబ్బు ఒక్కోటి వెడల్పు కొన్ని కిలోమీటర్లే. రేపు సాయంత్రం అది ముమ్మిడివరం మీద లేస్తుందా, కాట్రేనికోన మీదా అన్నది ఈరోజు ఎవరూ చెప్పలేరు. యూరప్ వాతావరణ కేంద్రం వాళ్ల కంప్యూటర్ లెక్క సుమారు 9 కిలోమీటర్ల గళ్లుగా భూమిని విడగొట్టి చేస్తారు. మన దేశంలో 2025 మేలో మొదలుపెట్టిన అలాంటి లెక్క, భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గడి 6 కిలోమీటర్లు. మబ్బు ఆ గడిలో ఏ మూల పుడుతుందో లెక్కకు అందదు. మీ యాప్‌లో కనిపించే శాతం కూడా ఇలాంటి గళ్ల లెక్కల్లోంచి వచ్చేదే. జిల్లా మొత్తానికి వాన పడే పరిస్థితి ఉందా లేదా అన్నది మాత్రం ఇప్పుడు రెండు మూడు రోజుల ముందే చాలా బాగా తెలుస్తోంది. అల్పపీడనం, వాయుగుండం లాంటివైతే ఇంకా ముందే చెబుతున్నారు.

మబ్బుల_పిచ్చి
అసలు ప్రశ్న ఏ మబ్బు అన్నది కదా, అది నేను చెబుతా. నాకు చిన్నప్పటి నుంచీ ఇదే లోకం.

1802లో లండన్‌లో ల్యూక్ హోవార్డ్ అనే రసాయనాల తయారీదారు మబ్బులకు లాటిన్ పేర్లు పెట్టాడు. ఇప్పటికీ అవే వాడుతున్నారు. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కలో ముఖ్యమైన రకాలు పది. మనకు అన్నీ అక్కర్లేదు.

కోనసీమలో మధ్యాహ్నం పూట అడుగు చదునుగా, పైన గుండ్రంగా తేలే తెల్ల ముద్దలు క్యుములస్. ఎత్తు కంటే వెడల్పు ఎక్కువగా ఉంటే వాన ఉండదు. పదకొండు గంటలకే నిటారుగా లేస్తూ గోబీపువ్వులా అంచులు గట్టిగా కనిపిస్తే సాయంత్రానికి జాగ్రత్తపడాలి. అదే పెరిగి పెరిగి క్యుములోనింబస్ అవుతుంది. మన వైపు దాని తల 15 కిలోమీటర్ల ఎత్తు కూడా దాటుతుంది. అక్కడ ఇంక పైకి పోలేక పక్కలకు పరుచుకుంటుంది. తల చదునై, అంచులు చెదిరినట్టు మసకబారితే లోపల మంచు తయారైందని గుర్తు. ఉరుము, పిడుగు, ఈదురుగాలి, వడగళ్లు అన్నీ దీనివే.

ముసురు పట్టించేది వేరే. నింబోస్ట్రాటస్ అంటారు. దానికి ఆకారం ఉండదు. ఆకాశమంతా ఒకే బూడిద రంగు, సూర్యుడు ఎక్కడున్నాడో తెలీదు, ఉరుము ఉండదు, గంటల తరబడి సన్నగా పడుతూనే ఉంటుంది. కోత రోజుల్లో రైతును ఎక్కువగా ముంచేది ఇదే. పిడుగుల మబ్బు గంటలో పోతుంది, మర్నాడు ఎండ కాస్తుంది. ముసురులో పనలు ఆరే దారి ఉండదు, మూడో రోజుకి కంకి మీదే మొలక వస్తుంది.

ముమ్మిడివరం_రైతు
మరి ఇప్పుడు మా మీదున్న పల్చటి తెల్ల మబ్బు? సూర్యుడు కనిపిస్తున్నాడు, నీడ కూడా పడుతోంది.

మబ్బుల_పిచ్చి
అది సిర్రోస్ట్రాటస్ అయి ఉండాలి. చాలా ఎత్తులో మంచు పలుకులతో ఏర్పడే పొర. దాని నుంచి వాన పడదు. తర్వాత ఏం వస్తుందో చూడాలి. సముద్రంలో అల్పపీడనం ఉన్నప్పుడు దాని పైనుంచి ఇలాంటి మబ్బు వందల కిలోమీటర్లు బయటకు పరుచుకుంటుంది. ఆ పొర కిందికి దిగుతూ దట్టమై, సూర్యుడు గాజు పలక వెనకున్నట్టు మసకగా మారి, నీడలు పడటం ఆగిపోతే అది ఆల్టోస్ట్రాటస్. దాని తర్వాత ముసురే. అలా కాకుండా రేపటికి పొర చిరుగులుగా విడిపోయి నీలం కనిపిస్తే అల్పపీడనం ఇంకోవైపు పోతోందని అనుకోవచ్చు. ఈ ఒక్క మబ్బు చూసి నిర్ణయం తీసుకోకండి.

రాజోలు_పెద్దాయన
మా కాలంలో చంద్రుడి చుట్టూ వరదగుడి (వెలుగు వలయం) చూసేవాళ్లం. గుడి దగ్గరైతే వాన దూరం, గుడి దూరమైతే వాన దగ్గర అనేవారు. మీ పుస్తకాల్లో ఇది ఉందా బాబూ?

మబ్బుల_పిచ్చి
ఉందండి, చాలావరకు నిజం కూడా. పెద్ద గుడి సిర్రోస్ట్రాటస్‌లోని మంచు పలుకుల వల్ల ఏర్పడుతుంది. అది ఎప్పుడూ ఒకే దూరంలో, 22 డిగ్రీల దగ్గర ఉంటుంది. చెయ్యి బాగా చాపి బొటనవేలు చంద్రుడి మీద పెట్టి వేళ్లు విప్పితే చిటికెన వేలి చివర దగ్గరకొస్తుంది. చంద్రుడిని అంటుకున్నట్టు రంగులతో కనిపించే చిన్న గుడి వేరు. అది పల్చటి మబ్బులోని సన్నని నీటి బిందువుల వల్ల వస్తుంది, మర్నాడు మామూలుగా తెల్లవారే రోజుల్లోనూ కనిపిస్తుంది. పెద్ద గుడి కనిపించిన ప్రతిసారీ వాన రాదు గానీ, సముద్రంలో అల్పపీడనం ఉందని తెలిసినప్పుడు కనిపిస్తే లెక్కలోకి తీసుకోవాల్సిందే.

రాజోలు_పెద్దాయన
సంతోషం. ఈ రాత్రి చూస్తాను.

అంతర్వేది_వల
మా వేటలో మబ్బు కంటే గాలిని ముందు చూస్తాం. గాలికి ఎదురుగా నిలబడితే అల్పపీడనం మన కుడి చేతి వైపు ఉంటుంది. ఇప్పుడు ఈశాన్యం గాలి తోలుతోంది. అంటే అది ఆగ్నేయంగా సముద్రంలో ఉంది. గాలి తూర్పుకి, ఆగ్నేయానికి తిరుగుతూ పోతే అది మనకు దక్షిణంగా, మచిలీపట్నం వైపు గట్టెక్కుతోందని. అప్పుడు సముద్రం మీద గాలి నేరుగా మన మీదకే కొడుతుంది, వాన ఎక్కువ. ఉత్తరం, వాయవ్యం వైపు తిరిగితే అది మనల్ని దాటి పైకి పోతోందని.

రేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేస్తే దూరాన సముద్రంలో వాయుగుండం ఉందని. మూడో నంబరు అంటే రేవు దగ్గరే ఈదురుగాలుల ముప్పు. 11 వరకు ఉంటాయి. మూడు పడితే మా నాన్న బోటు తాడు విప్పడు.

గౌతమి_గట్టు
కుడి చేతి లెక్క మా తాతగారు కూడా చెప్పేవారు. కారణం మేష్టారు చెప్పాలి.

ఫిజిక్స్_మేష్టారు
భూమి తిరగడం వల్ల ఉత్తరార్ధగోళంలో అల్పపీడనం చుట్టూ గాలి గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతుంది. కాబట్టి వీపుకు గాలి తగిలేలా నిలబడితే అల్పపీడనం ఎడమన ఉంటుంది, ఎదురు తిరిగితే కుడిన. అంతర్వేది గారు చెప్పినది అక్షరాలా సరైనది. ఇళ్లు, తోటల మధ్య గాలి దిక్కు మారిపోతుంది గనక చేలోకో, గట్టు మీదకో వెళ్లి చూడండి.

వనామి_భీమవరం
రైతులే కాదండి, మబ్బు మా రొయ్యల చెరువులకూ గండమే. మాకు వాన పడక్కర్లేదు, రెండు రోజులు మబ్బు పట్టినా చాలు. ఎండ లేకపోతే నీటిలో నాచు ఆక్సిజన్ తయారు చేయదు. తెల్లవారుజామున డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోయి రొయ్య పైకి తేలుతుంది. 4 పీపీఎం తగ్గకుండా ఏరేటర్లు తిప్పుతూ కూర్చోవాలి, మేత తగ్గించాలి. అందుకే నేను వాన శాతం కాదు, ఉపగ్రహం బొమ్మ చూస్తా. ఇన్‌శాట్ బొమ్మలు అరగంటకోసారి మారుతుంటాయి. సముద్రం మీద తెల్లటి గుంపు ఎటు కదులుతోందో తెలుస్తుంది.

మార్టేరు_స్వర్ణ
కోత సంగతికి వద్దాం. మాది కూడా 7029 (స్వర్ణ రకం వరి) చేనే. అల్పపీడనం గట్టిదైతే కోయకుండా నిలబెట్టడమే మేలని నా అభిప్రాయం. నిలబడ్డ పైరు తడిసినా ఆరుతుంది. కోసి పరిచిన పన తడిస్తే పాడవుతుంది.

లంక_గడ్డ
గాలొస్తే? నిలబడ్డ చేను పడుకుంటే చైన్ మిషన్ కూడా సరిగ్గా ఎత్తదు. మిషన్‌కి గంటకు ఇచ్చేది రెట్టింపు అవుతుంది. నేనైతే ఎండ ఉన్న రోజునే కోయించి ట్రాక్టర్‌లో ఇంటికి తెచ్చేస్తా.

మార్టేరు_స్వర్ణ
తెచ్చాక ఎక్కడ ఆరబెడతారండి? కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు. మిషన్ కోత ధాన్యం పచ్చిది, ఎండ కావాలి. ముసురు పడితే రాశిలోనే వేడెక్కి రంగు మారుతుంది.

లంక_గడ్డ
మార్టేరు గారి మాట కాదనను. కానీ గాలి సంగతి కూడా చూసి నిర్ణయించాలి. ప్రకటనలో గాలి వేగం కూడా రాస్తారు కదా. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లు అంటే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుపాను. వాయుగుండం గాలికే బరువెక్కిన కంకి ఒరుగుతుంది. ఇంకో ముఖ్యమైన మాట. డ్రెయిన్లు చూసుకోండి. సముద్రం పోటు మీద ఉంటే డ్రెయిన్ లాగదు, యాభై మిల్లీమీటర్లు పడినా చేలో నీళ్లు రోజుల తరబడి ఉంటాయి. మా లంకకైతే జులై, ఆగస్టుల్లో ఇక్కడి ఆకాశం చూస్తే అసలు చాలదు. పైన ఎండ కాస్తుంటే కింద ఏరు పొంగుతుంది. భద్రాచలంలో గోదావరి 43 అడుగులు అనగానే మేం గేదెలను గట్టు మీదకు తోలేస్తాం. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక ఇచ్చే వరకు ఆగితే దారి మునుగుతుంది.

ఆత్రేయపురం_తాండ్ర
మేం మేలో చాపల మీద తాండ్ర పోస్తాం. ఉదయం ఎండ చూసి పోశాక సాయంత్రం నాలుగింటికి వాయవ్యం నల్లగా తిరిగితే ఇంటిల్లిపాదీ పరుగే. ఎండాకాలం వానకు ఏమైనా ముందు గుర్తులున్నాయా?

మబ్బుల_పిచ్చి
ఉన్నాయండి. ఉదయం ఎనిమిది, తొమ్మిదికి మధ్య ఎత్తులో చిన్న చిన్న బురుజులు వరసగా లేచినట్టు మబ్బు కనిపిస్తే పైన గాలి అస్థిరంగా ఉందని అర్థం. దానికి తోడు చెమట పట్టి ఆరకుండా ఉక్కపోత ఉంటే మధ్యాహ్నం తర్వాత ఉరుముల మబ్బు పుట్టడానికి అన్నీ కుదిరినట్టే. పడమటి వేడిగాలి, సముద్రపు గాలి ఎదురెదురుగా కలిసే చోట మబ్బు ఎక్కువగా లేస్తుంది. సముద్రపు గాలి ఎంత లోపలికి వచ్చిందో దాన్నిబట్టి ఒకరోజు అమలాపురం, ఇంకోరోజు రావులపాలెం. ఎండాకాలం మబ్బు పడమర, వాయవ్యాల నుంచి సాయంత్రం వస్తుంది. ఇప్పుడు, ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, సముద్రం వైపు నుంచి వస్తుంది, చాలాసార్లు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున. అందుకే పాలకొల్లోడు గారి నాన్నగారు తూర్పు చూస్తున్నారు. ఆయన మేలో ఎటు చూస్తారో అడగండి.

పాలకొల్లోడు
అడిగా. పడమర అన్నారు. ఆయ్, మా నాన్నగారు గెలిచారు. తాండ్ర ఒక చాప మా ఇంటికి పంపితే వాన రాకుండా ఆయన చూసుకుంటారట.

ఆత్రేయపురం_తాండ్ర
చాప ఎందుకు, ముక్క పంపుతాం లెండి.

కాకినాడ_రాడార్
ఇంతసేపూ రాడార్ మాట ఎవరూ ఎత్తలేదు. మచిలీపట్నం, విశాఖల్లో వాన మబ్బులను పసిగట్టే డాప్లర్ రాడార్లు ఉన్నాయి, బొమ్మలు వాతావరణ శాఖ సైట్‌లో అందరూ చూడొచ్చు. వచ్చే రెండు మూడు గంటల మాటకు దీన్ని మించింది లేదు. వరసగా నాలుగైదు బొమ్మలు చూసి ఎర్ర మచ్చ ఎటు జరుగుతోందో, పెరుగుతోందో కరుగుతోందో గమనించాలి. ఒక చిక్కుంది. రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ నేల నుంచి పైకి లేస్తుంది. మచిలీపట్నం నుంచి భీమవరానికి ఇబ్బంది లేదు గానీ ముమ్మిడివరం నూరు కిలోమీటర్ల పైనే. అక్కడికొచ్చేసరికి కిరణం కిలోమీటరున్నర పైనే పోతుంది. కింద పడే తుంపర దానికి కనపడకపోవచ్చు. పైన కనిపించిన వాన కింది పొడిగాలిలో ఆవిరై నేలకు చేరకపోవచ్చు కూడా.

గౌతమి_గట్టు
నాకు పచ్చగా చూపించి చినుకు పడకపోవడానికి కారణం ఇదా! ఇన్నాళ్లకు తెలిసింది.

కాట్రేనికోన_కొబ్బరి
ఒక్క మాట. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో మా నాన్నమ్మ వాళ్లు ఇంటి దూలం పట్టుకుని గడిపారు. వెయ్యి మందికి పైగా పోయారు కోనసీమలో. అప్పుడు మా ఊరికి సరైన కబురు చేరలేదని ఆమె ఇప్పటికీ అంటుంది. 2018 డిసెంబరులో పెథాయ్ తుపాను మా కాట్రేనికోన దగ్గరే తీరం దాటినప్పుడు ముందు నుంచే అందరికీ తెలుసు, జనాన్ని ముందే తరలించారు. సూచన తప్పిందని తిట్టుకునే ముందు ఈ తేడా గుర్తుంచుకోండి. ఒక వారం బరకాలు కప్పిన కూలి పోతే పోయింది.

పాలకొల్లోడు
దీనికి నేనేమీ అనలేను. సరైన మాట.

మార్టేరు_స్వర్ణ
ఇంకొకటి అందరికీ పనికొస్తుంది. కోసిన పన తడిసిపోతే నీళ్లు తీసేసి, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద పడేలా కొట్టండి. మొలక ఆగుతుంది. వ్యవసాయ శాఖ వాళ్లు ఏటా చెప్పేదే.

లంక_గడ్డ
పిడుగుల సంగతి కూడా. చేలో ఉన్నప్పుడు మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. ముప్పై సెకన్ల లోపైతే పని ఆపి పక్కా ఇంట్లోకి పోవాలి. కొబ్బరి చెట్టు కిందకు, ఒంటరి పాక కిందకు వద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటకు రావాలి. ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకోండి, చుట్టుపక్కల పిడుగు పడే అవకాశం ఉంటే చెబుతుంది.

ముమ్మిడివరం_రైతు
సాయంత్రం ప్రకటన ఇప్పుడే చూశా. ఎల్లుండికి "చాలా చోట్ల మోస్తరు, ఒకటి రెండు చోట్ల భారీ" అని ఉంది. గాలి 40 లోపు. పైన పొర మధ్యాహ్నం కంటే దట్టమైంది, నీడ పడటం లేదు. గట్టు మీదకెళ్లి చూశా, గాలి ఈశాన్యం నుంచి తూర్పుకి తిరిగింది. మిషన్ వాయిదా వేశాను. అతన్ని నాలుగు రోజుల తర్వాతకు ఒప్పించా, కొంచెం అడ్వాన్సు ఇచ్చి. రేపు ఇద్దరు మనుషులను పెట్టి బోదె తీయించి చేలో నీళ్లు డ్రెయిన్‌లోకి పోయేలా చేయిస్తా. అందరికీ ధన్యవాదాలు.

మార్టేరు_స్వర్ణ
మంచి పని. గట్టు దగ్గర పూడిక కూడా చూడండి.

వనామి_భీమవరం
మా ఊళ్లో ఎంత పడిందో మండల లెక్కలో తెలుస్తుంది గానీ, మన చేలో ఎంత పడిందో కొలుచుకునే దారి ఏదైనా ఉందా?

ఫిజిక్స్_మేష్టారు
ఉంది. అడుగూ మూతీ ఒకే వెడల్పున్న స్టీలు డబ్బా చాలు. లోపల నిలిచిన నీటి ఎత్తును స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవండి, అదే వాన. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు. 64.5 మిల్లీమీటర్లు పడితే ఎకరానికి రెండున్నర లక్షల లీటర్ల పైనే నీళ్లు. మీ డ్రెయిన్ ఎంత లాగాలో దీన్నిబట్టి లెక్క వేసుకోవచ్చు.

వనామి_భీమవరం
చెరువు గట్టు మీద కొబ్బరి చెట్ల పక్కన పెట్టొచ్చా?

ఫిజిక్స్_మేష్టారు
వద్దండి. చెట్టు ఎంత ఎత్తుంటే కనీసం దానికి రెండింతల దూరంలో, తెరిపిగా ఉన్న చోట పెట్టండి. గాలికి పడకుండా నాలుగు ఇటుకలు ఆనించండి. రోజూ ఉదయం 8.30కి కొలిచి రాసుకుని డబ్బా ఖాళీ చేయండి. వాతావరణ శాఖ లెక్క కూడా ఆ వేళ నుంచి మర్నాడు అదే వేళ వరకే, కాబట్టి మీ అంకె వాళ్ల అంకెతో పోల్చుకోవచ్చు.